దూరం పోతేనే దూరం తెలుస్తుందా?

ఒడిశా బరంపురంలో మా గోసాని నువాగాం మేడ మీద నిలబడి మా మేనల్లుడు బొటనవేలు చాచి, ఒక కన్ను మూసీ మరో కన్ను మూసీ కెరండిమాల కొండకేసి చూస్తున్నాడు. కన్ను మార్చినప్పుడల్లా వేలు కొండ మీద పక్కకి గెంతుతోంది. ఎంత గెంతిందో, రెండు కళ్ళకూ ఎడమెంతో తెలిస్తే వేలి దూరం తేలిపోతుంది. చుక్కల దూరం కొలిచేదీ ఇలాగే. భూమి ఆర్నెల్లకోసారి సూర్యుడికి అటూ ఇటూ మారుతుంది గనక అక్కడ కళ్ళ ఎడం 30 కోట్ల కిలోమీటర్లు.

"అయితే మావయ్యా, ఒక కన్ను ఇంకా దూరంగా పెడితే పోలా?" అన్నాడు.

చదువుకున్న పెద్దలూ ఇదే అంటారు. 1987లో అమెరికా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వాళ్ళు ‘టావ్’ అని ఒక పథకం వేశారు. మనిషి లేని నౌక అణుశక్తితో 50 ఏళ్ళు పోయి, సూర్యుడికీ మనకూ ఉన్న దూరానికి వెయ్యి రెట్ల దూరం నుంచి చుక్కల్ని చూస్తుందట. ఆ 30 కోట్ల కిలోమీటర్లకి ఇది 500 రెట్ల ఎడం. కాగితం మీద తిరుగులేని లెక్కే.

నాకు మాత్రం ఎక్కదు. ఎడం పెరిగితే చాలదు, చూపులో పదునుండాలి. 2020 ఏప్రిల్‌లో న్యూ హొరైజన్స్ నౌక సుమారు 700 కోట్ల కిలోమీటర్ల నుంచి ప్రాక్సిమా సెంటారీ అనే చుక్కని ఫోటో తీసింది. భూమ్మీద తీసిన ఫోటో పక్కన పెడితే చుక్క జరిగినట్టు ఉత్త కంటికే తెలుస్తుంది. ముచ్చటగా ఉంది, సరే. దాంతో ప్రాక్సిమా దూరం గురించి కొత్తగా తేలిందేమీ లేదు. తేల్చింది గయా (బీహారు గయ కాదు, యూరప్ వాళ్ళ ఉపగ్రహం). భూమికి 15 లక్షల కిలోమీటర్లలో, అంటే వాకిట్లోనే కూర్చుని, 2014 నుంచి 2025 జనవరి దాకా ఒక్కో చుక్కనీ పదేపదే చూసింది. ఇక్కణ్ణుంచి చెన్నైలో ఉన్న తల వెంట్రుక మందాన్ని పోల్చుకోగలిగినంత చూపు దానిది. 140 కోట్ల పైచిలుకు చుక్కల గెంతు కొలిచి ఇచ్చింది. టావ్ 1987లోనే బయల్దేరి ఉంటే, ఆనాటి కెమెరాతో, ఇంకా దారిలోనే ఉండేది. చేరాక కూడా అక్కణ్ణుంచి ఒక్క కబురు రావడానికి దాదాపు 6 రోజులు.

మెజెల్లాన్ మబ్బులనే చుక్కల గుంపుల్లాంటి బహుదూరపు వాటికి పెద్ద ఎడం పనికొస్తుంది, కాదనను. కానీ చుక్కల్ని కొలిచే ఈ శాస్త్రాన్ని నిలబెట్టింది కదలకుండా కూర్చున్నవాళ్ళ ఓపిక. హైదరాబాద్ బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ వాళ్ళు దేశదేశాల వాళ్ళు పంచుకున్న ఆకాశంలో తమ వంతు ముక్కను గాజుపలకల మీద ఫోటోలు పట్టి, చుక్క చుక్కనీ కొలిచి అచ్చేశారు. 2000లో టైకో-2 జాబితా 25 లక్షల చుక్కలు ఏళ్ళ మీద జరిగే నడకను లెక్కగట్టడానికి వాడుకున్న పాత కొలతల్లో అవీ ఉన్నాయి.

ఆ బేగంపేట కట్టడం ఇప్పుడు పాడుబడి ఉంది. నౌకల కలలు కనే పెద్దలారా, ముందు దాని పైకప్పు సంగతి చూడండి.