జీర్ణోద్ధరణమా, లక్కపూతా?

జీర్ణోద్ధరణమన్న మాటను మన పెద్దలు ఆలయాల విషయంలో వాడేవారు. శిథిలమైనదానిని నిలబెట్టడమని దాని అర్థం. ఉన్న బలాన్ని పోగొట్టి పైపై మెరుగులు దిద్దడమని కాదు. ఈ భేదమెరుగని వారి చేతిలో పడితే దృఢమైన కట్టడానికి సైతం ఏ గతి పడుతుందో లండన్ నగరంలోని గ్రెన్‌ఫెల్ టవరు చాటుతున్నది.

1974లో పూర్తయిన ఆ 24 అంతస్తుల నివాసభవనం కాంక్రీటు కట్టడం. ఒక ఇంట పుట్టిన నిప్పు ఆ ఇంటి గోడలు దాటదన్న నమ్మకంతో, తక్కినవారు ఇళ్ళలోనే ఉండాలని నియమం పెట్టారు. 2016లో ముగిసిన నవీకరణలో ఆ గోడల వెలుపల పాలీఎథిలీన్ నింపిన అల్యూమినియం పలకలు తొడిగారు. 2017 జూన్ 14న, అర్ధరాత్రి దాటాక, నాలుగవ అంతస్తులో ఒక ఫ్రిజ్ వద్ద రేగిన మంట కిటికీ గుండా పలకలకంటుకొని అరగంటలోపే భవనం కొసకెక్కింది. ఇళ్ళలోనే ఉండమన్న సలహాను మాత్రం 2.47 దాకా మార్చలేదు. 72 మంది మరణించారు.

ఫ్రిజ్ చెడితే భవనాన్ని నిందించడమెందుకని కొందరి వాదం. ఫ్రిజ్ ఎవరింట్లోనైనా చెడుతుంది. వంటింటి నిప్పును వంటింట్లోనే ఆపడం భవనధర్మం. పాత గోడలకున్న ఆ ధర్మాన్ని కొత్త తొడుగు హరించింది.

ఖర్చు తగ్గించుకోవద్దా అని మరికొందరు. మొదట తలపెట్టిన జింకు పలకలకు బదులు వీటిని ఎంచుకోవడం వల్ల మిగిలినది సుమారు 2,93,000 పౌండ్లు. తరువాత దేశమంతటా ప్రమాదకరమైన తొడుగులు ఊడదీయించడానికి బ్రిటన్ ప్రభుత్వం కేటాయించినది 500 కోట్ల పౌండ్ల పైమాట. దీనిని పొదుపందామా?

వారణావతంలోని లక్క ఇల్లు కూడా చూపులకు సుందరమే. అయితే విదురుని హెచ్చరికను ధర్మరాజు విన్నాడు. ఖనకుడు తవ్విన సొరంగం పాండవులను కాపాడింది. గ్రెన్‌ఫెల్ నివాసులు 2016 నవంబరులోనే తమ బ్లాగులో ప్రమాదాన్ని హెచ్చరించారు. వినవలసినవారు వినలేదు. వారికి సొరంగం లేదు. ఉన్నది ఒక్కటే మెట్లదారి. పురోచనునికి పగ ఉన్నది. ఇక్కడ పగ లేదు, నిర్లక్ష్యమూ కపటమూ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో తుది నివేదిక వెలువరిస్తూ, ఆ మరణాలన్నీ నివారించదగినవేనని విచారణాధ్యక్షుడు మార్టిన్ మూర్-బిక్ స్పష్టం చేశారు.

బ్లాగ్మిత్రులారా, ఇది పరదేశపు కథ అని తోసిపుచ్చకండి. మన నగరాలలో ఏసీపీ షీట్లని భవనాలకు తొడుగుతున్నవి ఈ జాతి పలకలే. వాటిలో ఇట్టే మండేవీ ఉన్నాయి, మండనివీ ఉన్నాయి. పైకి రెండూ ఒక్కలాగే తళతళలాడతాయి. మీ అపార్ట్‌మెంటు సంఘంలో నవీకరణ ప్రస్తావన వచ్చినప్పుడు, రంగు సంగతి తరువాత, పలక నడుమ ఏమున్నదో ముందు అడగండి. స్ప్రింక్లర్లు, తమంతట మూసుకొనే తలుపులు, సామాన్లు అడ్డం లేని మెట్లు - వీటికి వెచ్చించగా మిగిలినదే అందానికి. ఈ వరుస తప్పిన పనికి జీర్ణోద్ధరణమన్న పవిత్రమైన పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు.