బెల్లమైనా లెక్క లెక్కే

భీమిలి బీచ్‌లో పొద్దున్నే నడిచి, బెల్లం టీ రెండు గ్లాసులు తాగి, ‘దీనివల్ల షుగర్ రాదండీ’ అనేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. అనకాపల్లి బెల్లం ఉత్తరాంధ్రకు గర్వకారణమే. కానీ అందులోనూ అధిక భాగం సుక్రోజే; కాస్తో కూస్తో ఉన్న ఇనుము కోసం తినాల్సినంత బెల్లం ఎవరూ తినకూడదు. పైగా దిమ్మ పసుపుపచ్చగా మెరవాలని పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్లున్నారు. ముదురు రంగుదే అడిగి కొనండి. తేనెనూ, పళ్లరసాన్నీ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్కెర పద్దులోనే వేసింది. అన్నీ కలిపి రోజువారీ కేలరీల్లో 10 శాతం దాటొద్దంది. బరువు తగ్గడానికని చక్కెర లేని స్వీట్‌నర్లు వాడొద్దని 2023లో చెప్పింది. పండును పండుగానే తినండి, వేసవిలో తాటిముంజెలు తినండి. టీలో వేసేది బెల్లమైనా పంచదారైనా సగానికి తగ్గించండి.