కంట్రోల్ రూములో మన పిల్లలేరీ?

పదో తరగతి ఫలితాలు వెలువడిన నాటి నుంచి నెల రోజుల పాటు మన మొహల్లాలలో రెండే మాటలు వినిపిస్తాయి. స్తోమత గలవారు కంప్యూటర్ సైన్సు అంటారు. లేనివారు ఏసీ మెకానిక్కు పనో, డ్రైవింగో నేర్పించి గల్ఫ్‌కు పంపుదామంటారు. ఈ రెండింటికీ నడుమ ఒక విశాలమైన వృత్తిరంగం ఉన్నదనీ, మందుల కర్మాగారాలూ, సిమెంటు ఫ్యాక్టరీలూ, విద్యుత్కేంద్రాలూ దాని ఆధారంగానే నడుస్తున్నాయనీ చెప్పేవారు కరవయ్యారు. ఇన్‌స్ట్రుమెంటేషన్ అని దానికి పాత పేరు. నేడు ప్రాసెస్ కంట్రోల్, ఆటోమేషన్ అంటున్నారు.

రియాక్టరులోని ఉష్ణోగ్రత, పీడనం, ద్రవమట్టం, గొట్టంలోని ప్రవాహం, ఇటువంటి వాటిని క్షణక్షణం కొలవాలి. కొలిచినది విద్యుత్ సంకేతంగా కంట్రోల్ రూముకు చేరాలి. అక్కడి నుంచి వచ్చిన ఆదేశాన్ని బట్టి వాల్వు తెరుచుకోవాలి, మూసుకోవాలి. సాధారణంగా ఆ సంకేతం 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల మధ్య ఉంటుంది. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదని నాకూ సందేహం కలిగింది. 4 వస్తే కొలత సున్నా అని అర్థం. అసలేమీ రాకపోతే తీగ తెగిందనో, పరికరం చెడిందనో అర్థమట. ఈ సంగతి గ్రహించగల కుర్రవాడికి పీఎల్‌సీ, డీసీఎస్, స్కాడా అనే పేర్లు విని బెదరవలసిన పనిలేదు.

ఈ పని విలువ తెలియాలంటే 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన సంఘటనను గుర్తు చేసుకోవాలి. ట్యాంకు అడుగున తప్ప పై పొరలలో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు లేకపోవడం ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాలలో ఒకటి. కర్మాగారాలలో బస్తాలు మోసేవారిలో, వెల్డింగు చేసేవారిలో మన పిల్లలు కనిపిస్తారు. ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టవలసిన గదిలో మాత్రం అరుదుగా కనిపిస్తారు.

ప్రవేశమార్గం కష్టమైనదేమీ కాదు. పదో తరగతి తరువాత ఐటీఐలలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ రెండేళ్ల ట్రేడు ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది, బీటెక్ ఉంది. గేట్ పరీక్షలో ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు ప్రత్యేకంగా ఒక పేపరే ఉంది. చిక్కంతా చదువు పూర్తయిన తరువాతనే మొదలవుతుంది.

పీఎల్‌సీ ప్రోగ్రాములు రాసి, యంత్రాలను సైటులో నడిపించి అప్పగించే చిన్న సంస్థలలోనే చాలామందికి తొలి కొలువు దొరుకుతుంది. మొదట జీతం స్వల్పం, ఊరూరా తిరుగుడు అధికం. అయితే ఒకటి రెండు ప్లాంటులను ప్రారంభించిన అనుభవం ఉన్నవాడిని పెద్ద కంపెనీలే వెతుక్కుంటాయి. గల్ఫ్ చమురు సంస్థలలోనూ అతడు డ్రైవరుగా కాక టెక్నీషియనుగా అడుగుపెట్టగలడు. కాని ఆ తొలి కొలువుకు పత్రికలో ప్రకటన పడదు. ఇదివరకే పనిచేస్తున్నవాడు తన క్లాస్‌మేటుకో, బావమరిదికో కబురు చేస్తాడు. లోపల మనవాడు లేనప్పుడు మనకు కబురు చేసేదెవరు?

పేరు చూసి దరఖాస్తును పక్కన పెట్టేవారు లేరని నేననను. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమాన అర్హతలు గల దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతుగా తేలింది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు, జవాబుదారీ లేదు. కాబట్టి ఖాళీలను బహిరంగంగా ప్రకటించాలని, ఎంపికైనవారి సామాజిక వివరాలను వెల్లడించాలని మనం అడగవలసిందే. రాయితీ ధరకు భూమి, విద్యుత్తు ప్రజాధనం నుంచి పొందిన కంపెనీని ఆ మాత్రం అడగడం అత్యాశ కాదు.

అడగడానికి చట్టంలో ఇప్పటికే కొంత ఆధారం ఉంది. అప్రెంటిస్ నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు వారి సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మన జిల్లాలోని ఏ కంపెనీ ఎందరిని తీసుకున్నదో సమాచార హక్కు చట్టం కింద అధికారులను ఎన్ని మస్జిదు కమిటీలు, ఎన్ని సంక్షేమ సంఘాలు అడిగాయి? అమీర్‌పేటలో నూటికి నూరు శాతం ఉద్యోగమని బోర్డు పెట్టినవారికి వేలకు వేలు కట్టడానికి మాత్రం అప్పులు చేస్తున్నాం. బైతుల్‌మాల్ నిధి నుంచి ఒక అప్రెంటిస్ కుర్రవాడి హాస్టలు ఖర్చు ఏడాదిపాటు భరిస్తే అంతకన్నా ప్రయోజనం.

దస్త్రాల మధ్య ఉద్యోగజీవితం గడిపినవాడిని గనుక సర్టిఫికెట్ల విషయం కొంత వివరంగా చెబుతాను. అర్హులైన పిల్లలు ఇక్కడే నష్టపోతున్నారు. 2007 నాటి చట్టం ద్వారా వచ్చిన బీసీ-ఈ 4 శాతం రాష్ట్ర విద్యాసంస్థలకు, జెన్‌కో వంటి రాష్ట్ర సంస్థల ఉద్యోగాలకు వర్తిస్తుంది. రామగుండం ఎన్‌టీపీసీకో, విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీకో, ఉక్కు కర్మాగారానికో దరఖాస్తు చేసేటప్పుడు అది పనికిరాదు. కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్న దూదేకులవారు ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ పత్రం కేంద్ర నమూనాలో తీసుకోవాలి. ఆ జాబితాలో లేని షేక్ కుటుంబాల పిల్లలు, వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి ఆస్తి పరిమితులు దాటకపోతే, కేంద్ర ఉద్యోగాలకు ఈడబ్ల్యూఎస్ కింద అర్హులు. రాష్ట్రంలో బీసీ అయినవాడు కేంద్రంలో ఈడబ్ల్యూఎస్ ఎలా అవుతాడని కౌంటరు దగ్గర తిప్పి పంపినా వెనుదిరగవద్దు. కేంద్ర జాబితాలో తమ కులం పేరు లేదని చూపి, కేంద్ర నమూనా పత్రమే కావాలని రాతపూర్వకంగా కోరండి. ఆ పత్రం నిర్ణీత ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. నోటిఫికేషన్ వచ్చాక పరుగులు తీయకుండా ఏప్రిల్‌లోనే దరఖాస్తు చేసి పెట్టుకోవాలి.