ప్రవచనకాల నిర్ణయమున పదవిచారము

గత సంవత్సరము మా శాఖలోని యొక పరిశోధక విద్యార్థి ఒక కాగితమును తెచ్చి నా బల్లపై నుంచెను. అతని మేనమామ స్వహస్తముతో వేసిన లెక్క అది. దానియేలు గ్రంథములోని 2300 దినములు, 1290 దినములు, 1335 దినములు, వాని ప్రక్కన మన కాలపు సంవత్సరములు. యుగాంతము ఇంత దగ్గర నుండగా దూరప్రాంతమున పరిశోధన యేల, ఇంటికి రమ్మని ఆ పెద్దమనిషి వ్రాసినాడు. "దీనికేమని బదులు వ్రాయుదును, గురువుగారూ?" అని విద్యార్థి యడిగెను. దైవశాస్త్రమున నాకు ప్రవేశము స్వల్పము. కాని కాగితమును రెండుమారులు చదివిన పిమ్మట, కూడికలలో తప్పు లేదనియు, చిక్కంతయు కూడికకు ముందే, పదార్థనిర్ణయమున నున్నదనియు తోచెను. ఆ భాగము మన వృత్తికి చెందినదే. దానిని గణకులకు విడిచిపెట్టుట తగదని నా యభిప్రాయము.

2300 అను సంఖ్యనే చూతము. దానియేలు 8వ అధ్యాయము 14వ వచనమున హీబ్రూ మూలమందు 'దినము' అను మాటయే లేదు. 'సాయంకాలము', 'ఉదయము' అను రెండు పదములు సముచ్చయము లేక ప్రక్కప్రక్కన నిలిచినవి. వాని వెనుక సంఖ్య వచ్చినది. అదే అధ్యాయము 26వ వచనమున ఆ రెంటి నడుమ సముచ్చయము కలదు. ఇది మనకు పరిచితమైన చిక్కే. అహోరాత్రమువలె సమాహారముగా గ్రహించినచో 2300 దినములగును. సృష్టికథలో సాయంకాలమును ఉదయమును కలిసి యొక దినమగుట ఈ పక్షమునకు బలము. రెంటిని వేరువేరుగా లెక్కించి, పై వచనముననే ప్రస్తావింపబడిన అనుదిన బలి ఉదయసాయంకాలములందు రెండుమారులు జరుగునని స్మరించినచో, 2300 బలులు, అనగా 1150 దినములు, తేలును. సెల్యూకసు వంశీయుడైన నాల్గవ ఆంటియోకసు క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయమును అపవిత్రము చేయగా, క్రీ.పూ. 164లో అది మరల ప్రతిష్ఠింపబడెను. రెండవ యర్థము ఆ మూడేండ్ల కాలమునకు చేరువగా నున్నందున నేను దానివైపే మొగ్గుదును. ప్రాచీన గ్రీకు అనువాదకులు 'దినములు' అను మాటను చేర్చి సందేహమును తుడిచివేసిరి. మన తెలుగు బైబిలునందును 'దినములు' అనియే కలదు. మేనమామగారి లెక్క మొదలైనది అనువాదకుని నిర్ణయమునుండి. ఆ సంగతి ఆయనకు తెలియుటకు వీలు లేదు. అట్టిచోట ఒక అధస్సూచిక యుండవలెనని కోరుట అత్యాశ కాదు.

రెండవ మెట్టు, దినమునకు సంవత్సరమను పరిభాష. సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 దీనికి ఆధారములుగా చూపబడును. కాని ఆ రెండుచోట్లను దినమునకు సంవత్సరమని గ్రంథమే నోరు విప్పి చెప్పినది. ఒకచోటి విశేషవిధిని చెప్పని చోటికి లాగుట అతిదేశము. అతిదేశమునకు వచనము కావలెను. అమెరికాలో విలియం మిల్లరు ఈ పరిభాషను నమ్మి, క్రీ.పూ. 457 నుండి 2300 ఏండ్లు లెక్కించి, 1843 ప్రాంతమున క్రీస్తు పునరాగమనమని ప్రకటించెను. క్రీస్తుపూర్వమునకును క్రీస్తుశకమునకును నడుమ శూన్యసంవత్సరము లేదని గుర్తించి, తరువాత లెక్కను ఒక యేడు జరిపిరి. అనుయాయులు తుదకు 1844 అక్టోబరు 22ను స్థిరపరచిరి. శాసనములలో గతశకవర్షమా, వర్తమానశకవర్షమా యని తర్కించు మనకు ఈ యేడాది తేడా నవ్వు పుట్టింపదు. ఆ దినము గడచిపోయినది. పంట కోయక విడిచిన రైతులును వారిలో నుండిరి. సవరణ సరియైనదే, సవరింపవలసినది మాత్రము అది కాదు.

ఇక గ్రంథకాలము. 11వ అధ్యాయమున ఉత్తరదేశపు రాజునకును దక్షిణదేశపు రాజునకును యుద్ధములు భవిష్యదర్థకముగా చెప్పబడినవి. అవి టోలమీల, సెల్యూకసు వంశీయుల చరిత్రతో పొసగుచు ఆంటియోకసువరకు వచ్చును. అతని మరణము దగ్గర పొసగవు. సముద్రమునకును పవిత్రపర్వతమునకును నడుమ గుడారము వేసి అంతమొందునని గ్రంథము చెప్పగా, అతడు పారసీకదేశమున మరణించెను. కావున గ్రంథము అతని కాలముననే పుట్టినదని క్రీ.శ. మూడవ శతాబ్దిలో పార్ఫిరీ వాదించెను. ఆ చివరి వచనములు క్రీస్తువిరోధిని గూర్చినవని జెరోము సమాధానము. పార్ఫిరీ గ్రంథము నశించినది. ఖండించుటకై జెరోము ఎత్తిచూపిన మేరకే ముఖ్యముగా నేడు తెలియును. చార్వాకుల మాట మనకు పూర్వపక్షములలో దక్కినట్లే!

పురాణములు చదివినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. ఆంధ్రరాజులను గూర్చియు, గుప్తులను గూర్చియు 'ఏలుదురు' అని భవిష్యత్ క్రియతోనే వంశావళులు కలవు. గంగాతీరము, ప్రయాగ, సాకేతము, మగధ గుప్తులేలు సీమలని చెప్పి పాఠము ఆగినచోటును బట్టి పార్జిటరు 1913లో దాని కాలమును తర్కించెను. మన పురాణమునకు చెల్లిన పరీక్ష పరగ్రంథమునకు చెల్లదనుట న్యాయము కాదు. దీనివలన దానియేలు గౌరవము తగ్గునని నేను తలపను. ఆలయము పాడై, ధర్మశాస్త్రపు ప్రతులు అగ్నిపాలగుచుండగా, ఇది ఎంతకాలమని యడిగినవారికి చెప్పిన మాటలవి. మూడేండ్లన్నచో వారికి ఊరట. 2300 ఏండ్లన్నచో ఏమి యూరట?

అయితే నా పక్షమువారిది సుఖమైన మార్గమనుకొనరాదు. ఈ తరము గడువకమున్నే అన్నియు నెరవేరునని మత్తయి 24:34 చెప్పుచున్నది. ఆ తరము గడచినది. గ్రీకు 'గెనెఆ' పదమునకు 'జాతి' యని యర్థము చెప్పి కొందరు తప్పుకొందురు. అదే సువార్త 1:17లో అబ్రాహాము మొదలుగా లెక్కించిన పదునాలుగేసి తరములకును ఈ పదమే వాడబడినది. తెలుగు అనువాదకులు రెండుచోట్లను 'తరము' అనియే నిలిపి, చిక్కును చిక్కుగానే పాఠకునికి అప్పగించుట మెచ్చదగినది. క్రీ.శ. 70లో యెరూషలేము కూలుటతో ఆ మాట నెరవేరినదనువారు కలరు. పూర్తిగా నెరవేరినదని నేననలేను. రెండు వచనముల తరువాత, ఆ దినము కుమారునికిని తెలియదని యున్నది. మత్తయి వ్రాతప్రతులు కొన్నింటిలో కుమారుని ప్రసక్తి లేదు. మార్కు 13:32లో నిలిచినది. లేఖకుడెవడో భరింపలేక విడిచెనని పలువురి యూహ.

విద్యార్థి తాను వ్రాసిన బదులును నాకు చూపెను. అందు ఖండనము లేదు. 8:14లో మూలమున ఏమున్నదో తెలిపి, దానికి పై వచనమును మరల చదువుడని మామను కోరినాడు. నెలకు జాబు వచ్చినది. లెక్కను తాను విడువననియు, 'దినము' లేదన్నది నిజమేనా యని సంఘపెద్దను అడుగగా ఆయనయు తెల్లబోయెననియు అందున్నది. పరిశోధన ముగించియే రమ్మని చివర నొక పంక్తి కలదు.