షూ ఎత్తు కాదు, అడుగు చూడండి

బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు షూ కొనేటప్పుడు చాలామంది ముందుగా చూసేది అది చీలమండను కప్పుతుందా లేదా అని. తర్వాత మడమ కింది మెత్తదనం, ఆపైన దాని మీదున్న ఆటగాడి పేరు. తిప్పి అడుగు చూసేవాళ్లు అరుదు. ఇండోర్ స్టేడియంలో చెక్క కోర్టు మీద ఆడేవాళ్లకు ఈ వరుస పనికిరాదు. ముందు సోలు, తర్వాత పాదానికి అమరిక చూడాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

చెక్క కోర్టు మీద నున్నని పూత ఉంటుంది. పరుగు మధ్యలో ఆగాలన్నా, పక్కకు తిరగాలన్నా రబ్బరు ఆ పూతను గట్టిగా పట్టుకోవాలి. అందుకే ఇండోర్ షూలకు మెత్తని రబ్బరు వాడతారు. వంకరటింకర గీతల సోలైతే పాదం ఎటు నెట్టినా ఏదో ఒక అంచు ఎదురు నిలుస్తుంది. అదే మెత్తని రబ్బరు సిమెంటు మీద త్వరగా అరిగిపోతుంది. మన బడుల్లో, కాలనీల్లో ఎక్కువగా ఉన్నవి సిమెంటు కోర్టులే. అక్కడ సాధన చేసి, టోర్నమెంటు రాగానే అదే జతతో చెక్క కోర్టు ఎక్కితే గీతలు అరిగి, సందుల్లో ఇసుక ఇరుక్కుని ఉంటుంది. దానివల్ల జారేది ఆ ఆటగాడొక్కడే కాదు, రాలిన ఇసుక మీద మిగతా తొమ్మిది మందీ ఆడాలి. నాన్ మార్కింగ్ అని రాసి ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. నేల మీద మరకలు పడవని తప్ప, పట్టు గురించి ఆ మాట ఏమీ చెప్పదు. రన్నింగ్ షూలు ముందుకు పరుగెత్తడానికి చేసినవి, పక్కకు చటుక్కున తిరిగినప్పుడు పాదాన్ని నిలబెట్టలేవు.

ఎత్తు షూ లేకపోతే చీలమండ బెణుకుతుందన్న భయం సహజమే. కానీ 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలో 622 మంది కాలేజీ ఆటగాళ్లకు ఎత్తు, పొట్టి షూలు పంచి చూస్తే బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికా బాస్కెట్‌బాల్ తార కోబీ బ్రయంట్ 2008లోనే పొట్టి షూకి మారాడు. 2001లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, అంతకుముందు చీలమండ దెబ్బతిన్నవాళ్లకు మళ్లీ దెబ్బ తగిలే అవకాశం దాదాపు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. అందులోనే మడమలో గాలి గదులున్న షూలకూ గాయాలకూ సంబంధం కనిపించింది. ఆ ఒక్క ఫలితంతో వాటన్నిటినీ తప్పుపట్టలేం గానీ, మెత్తదనమే రక్షణ అన్న నమ్మకం మాత్రం నిలవదు. ఒకసారి బెణికిన పిల్లలకు లేసులతో బిగించే చీలమండ పట్టీ మేలు. 1,460 మంది అమెరికా హైస్కూలు ఆటగాళ్లపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో పట్టీ వేసుకున్నవాళ్లలో చీలమండ గాయాలు మూడో వంతుకు తగ్గాయి.

పట్టు ఎక్కువైతే మోకాలికి ముప్పన్న వాదనను మాత్రం తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నార్వేలో హ్యాండ్‌బాల్ ఆడే మహిళలకు చెక్క నేల మీద కంటే, ఘర్షణ ఎక్కువుండే కృత్రిమ నేల మీద మోకాలి లిగమెంటు ఎక్కువగా తెగినట్లు తేలింది. అలాగని అరిగిన సోలు దీనికి మందు కాదు. ఒక అడుగు పట్టి, మరో అడుగు జారితే శరీరం దేనికీ సిద్ధపడలేదు. పట్టు ఎప్పుడూ ఒకేలా ఉండాలి. మోకాళ్లు వంచి దిగడం చిన్నప్పుడే నేర్పాలి, ముఖ్యంగా ఆడపిల్లలకు.

సిమెంటుకొకటి, చెక్క కోర్టుకొకటి అని రెండు జతలంటే ఖర్చు కదా అనవచ్చు. చెక్క నేల రబ్బరును సిమెంటులా కోసెయ్యదు కాబట్టి చెక్క కోర్టుకే పరిమితమైన జత ఎక్కువ కాలం వస్తుంది. మధ్యస్థ ధరలో, పాత మోడలైనా చాలు. పెద్ద పేరు భరోసా కాదని 2019 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. డ్యూక్ యూనివర్సిటీ ఆటగాడు జయాన్ విలియమ్‌సన్ కాలికున్న నైకీ షూ ఆట మొదలైన నిమిషంలోపే చీలిపోయి, అతని మోకాలు బెణికింది. కొనేటప్పుడు ఆటలో వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడాలి. మడమ లేవకూడదు, వేళ్లు ముందుకు గుద్దుకోకూడదు.

ఇక టోర్నమెంటు నిర్వాహకులకు ఒక మాట. బయట తిరిగిన షూలతో ఎవరినీ చెక్క కోర్టు ఎక్కనివ్వకండి. తలుపు దగ్గర షూ మార్చుకోవడానికి ఒక బల్ల, అడుగులు తుడుచుకోవడానికి ఒక తడి పట్టా పెట్టండి.