అత్త సొమ్ము, పదహారు గళ్లు

మాదాపూర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనైనా సాయంత్రం ఏడు దాటాక ఒక కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ఒక్కో కోర్ రెండేసి థ్రెడ్లు నడిపే ఎనిమిది కోర్ల ప్రాసెసర్ అయితే, గ్రాఫును థ్రెడ్ల వారీగా పెట్టుకుంటే తెర మీద పదహారు చిన్న గళ్లు కనపడతాయి. పగలు బిల్డ్ పెట్టినప్పుడు ఆ గళ్లన్నీ అంచుదాకా నిండుతాయి. మిగతా వేళల్లో ఒకటి రెండు గళ్లలో గీత కాస్త కదులుతుంది, తక్కినవన్నీ అడుగున పడుకుని ఉంటాయి. ఇంత యంత్రం ఉన్నది నాలుగు క్రోమ్ ట్యాబులకూ ఒక ఎక్సెల్ షీటుకూనా అని గింజుకునే ఇంజినీరు ప్రతి ఫ్లోర్‌లోనూ ఒకడుంటాడు.

ఆ గింజులాటకు పాతికేళ్ల కిందటే మందు దొరికింది. 1999 మే 17న బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సెటీ ఎట్ హోమ్ మొదలుపెట్టింది. గ్రహాంతరవాసుల జాడ వెతకడానికి అరెసిబో రేడియో టెలిస్కోప్ పట్టిన సంకేతాలను ముక్కలుగా కోసి, ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్ల కంప్యూటర్లకు పంపడం, అవి ఖాళీ వేళల్లో లెక్క తేల్చి తిప్పి పంపడం. యాభై లక్షల మందికి పైగా చేరారు. గ్రహాంతరవాసుల నుంచి ఫోనైతే రాలేదు గానీ, ఆ పద్ధతి నిలబడింది. అదే బృందం 2002లో బాయింక్ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. దాన్ని ఎక్కించుకుంటే ఏ శాస్త్ర ప్రాజెక్టుకు మన కంప్యూటర్‌ను అప్పజెప్పాలో మనమే ఎంచుకోవచ్చు. సెటీ ఎట్ హోమ్ మాత్రం 2020 మార్చి 31తో కొత్త పని పంపడం ఆపేసింది.

ఇదంతా ఉడతా భక్తి అని చప్పరించేయడానికి లేదు. 2010లో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ ప్రాజెక్టు, సెకనుకు 41 సార్లు తిరిగే ఒక పల్సార్‌ను పట్టుకుంది. పట్టుకున్న రెండు కంప్యూటర్లలో ఒకటి అమెరికాలోని అయోవాలో ఒక దంపతులది. రెండోది జర్మనీలో మైన్జ్ విశ్వవిద్యాలయం సంగీత సమాచార శాస్త్ర విభాగానికి చెందినది. పాటల లెక్కలు చూసుకోవాల్సిన యంత్రానికి చచ్చిన నక్షత్రం తగిలిందన్నమాట. ఇక 2020 వసంతంలో కరోనా ప్రోటీన్ల కదలికలు లెక్కగట్టడానికి ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కు జనం ఎగబడ్డప్పుడు, అన్ని ఇళ్ల కంప్యూటర్లూ కలిసి ఎక్సాఫ్లాప్ వేగం దాటేశాయి. అంటే సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు. టాప్500 జాబితాలోని సూపర్ కంప్యూటర్లలో ఆ గడప దాటిన మొదటిది 2022లో గానీ రాలేదు.

మరి మన ఇంజినీరు ఆఫీసు కంప్యూటర్‌లో బాయింక్ ఎక్కించుకుంటే తప్పేమిటి? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టవుతుంది, అదీ తప్పు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక టెక్నికల్ కాలేజీ సిస్టమ్ అడ్మిన్ కథ ఈ ముచ్చట్లలో ఇప్పటికీ వినపడుతుంది. ఇలాగే జనం కంప్యూటర్లతో నడిచే డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ వాళ్లు సంకేత భాష తాళాలు విప్పే పోటీకి లెక్కలు కడుతున్న రోజులవి. ఆయన ఆ ప్రోగ్రాంను కాలేజీ కంప్యూటర్లలో ఎక్కించాడు. ఆయన వాడుకున్న నెట్‌వర్క్‌కు రాష్ట్రం సెకనుకు 59 సెంట్ల లెక్కన వెల కట్టి, మొత్తం నాలుగు లక్షల డాలర్లు దాటించింది. క్రిమినల్ కేసు పెట్టింది. చివరికి 2002 జనవరిలో ఒక ఏడాది ప్రొబేషన్, 2,100 డాలర్లు, 80 గంటల సమాజ సేవతో బయటపడ్డాడు. సెకనుకు 59 సెంట్లు అన్నది నవ్వొచ్చే లెక్కే, అందులో అనుమానం లేదు. అంతమాత్రాన ఆ కంప్యూటర్లు ఆయనవి కావు.

ఆ లెక్కను చూసి నవ్వుకునేవాళ్లు 1998లో జరిగింది కూడా వినాలి. ఒక టెలిఫోన్ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి పెద్ద ప్రధాన సంఖ్యల వేట కోసం కంపెనీకి చెందిన 2,585 కంప్యూటర్లను పనిలో పెట్టాడు. మూడు నుంచి అయిదు సెకన్లలో దొరికే ఫోన్ నంబరు వెతకడానికి అయిదు నిమిషాలు పట్టసాగింది. ఫోన్ నంబరు కోసం ఎదురుచూసేవాడికి ప్రధాన సంఖ్యలతో పనేముంది?

మన దగ్గర సంగతి మరీ సూటిగా ఉంటుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌ను వాడుకోవడం మొదలు పనికి అంతరాయం కలిగించడం దాకా నష్టపరిహారం కట్టాల్సిన పనుల జాబితాలో చేర్చింది. దురుద్దేశం కూడా తోడైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ల జైలు, అయిదు లక్షల జరిమానా దాకా పోవచ్చు. దురుద్దేశం లేదని తేల్చుకునే లోపు ల్యాప్‌టాప్ తిరిగిచ్చి ఇంటికి పోవాల్సి వస్తుంది. అన్ని కోర్లూ నిండిపోవడం, యంత్రం వేడెక్కడం, బయటి సర్వర్‌తో గుట్టుగా మాటామంతీ నడవడం: ఈ మూడూ చూసిన భద్రతా విభాగానికి క్రిప్టో మైనింగ్‌కూ క్యాన్సర్ పరిశోధనకూ తేడా ఎలా తెలుస్తుంది?

యంత్రాలు ఇచ్చే సంస్థే తలుచుకుంటే కథ వేరే. మిస్సోరీలో సెంట్రల్ మిస్సోరీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు కర్టిస్ కూపర్ ల్యాబుల్లోని వందల కంప్యూటర్లలో, పెద్ద ప్రధాన సంఖ్యలను వేటాడే జింప్స్ ప్రాజెక్టు ప్రోగ్రాం నడిపేవారు. 2015 సెప్టెంబర్ 17న వాటిలో ఒకటి కొత్త ప్రధాన సంఖ్య దొరికిందని కబురు పంపింది. కబురు అందాల్సిన ఈమెయిల్ ఒక బగ్ వల్ల వెళ్లలేదు. రెండు కోట్ల 23 లక్షల అంకెల సంఖ్య, అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది, సర్వర్‌లో ఎవరూ చూడకుండా పడి ఉండి 2016 జనవరి 7న బయటపడింది. దాని తర్వాతి రికార్డు 2017 డిసెంబర్‌లో టెన్నెసీలో దొరికింది. దాన్ని పట్టింది జొనాథన్ పేస్ అనే ఇంజినీరు బాగోగులు చూసే ఒక చర్చి కంప్యూటర్. ఆరు రోజుల లెక్క. సామాన్యమైన ఐ5 ప్రాసెసర్.

సరే, ఐటీ విభాగం రాతపూర్వకంగా ఒప్పుకుంది అనుకుందాం. అప్పుడు అసలు పని మొదలవుతుంది. చాలామంది ఇక్కడే చెయ్యి కాల్చుకుంటారు. బాయింక్ పనులు అతి తక్కువ ప్రాధాన్యంతో నడుస్తాయి, మన పని రాగానే పక్కకు తప్పుకుంటాయి, కాబట్టి ఏమీ తేడా రాదని ఒక నమ్మకం. సగమే నిజం. ప్రాసెసర్ వంతుల విషయంలో తప్పుకుంటాయి గానీ, క్యాష్ మెమరీని, ర్యామ్ దారిని పక్కవాడితో పంచుకుంటూనే ఉంటాయి. పైగా ఒకట్రెండు కోర్లు మాత్రమే పనిచేస్తున్నప్పుడు ప్రాసెసర్ టర్బో వేగం అందుకుంటుంది, అన్నీ నిండితే దిగి వస్తుంది. అందుకే పగటిపూట సగం కోర్లు చాలు. రెండు కోర్లు ఎప్పుడూ ముట్టకుండా ఉంచితే మరీ మంచిది.

ఇంకో ఉచ్చు ఉంది. బాయింక్ అమరికల్లో పక్కపక్కనే రెండు శాతాలు ఉంటాయి: ఎన్ని కోర్లు వాడాలి, ప్రాసెసర్ సమయంలో ఎంత వాడాలి. రెండోదాన్ని 50 దగ్గర పెడితే ప్రోగ్రాం కాసేపు పరిగెత్తి కాసేపు ఆగుతుంది, మళ్లీ పరిగెడుతుంది. ఫ్యాన్ కూడా దాని వెంటే హూ అని లేచి పడుతూ ఉంటుంది. పక్క సీటులో మనిషికి పిచ్చెక్కడానికి అది చాలు. కోర్ల సంఖ్య తగ్గించి, సమయం పూర్తిగా ఇచ్చేస్తే ఫ్యాన్ ఒకే స్వరంలో ఉంటుంది. మెమరీ కూడా చూసుకోవాలి. పదహారు థ్రెడ్లంటే పదహారు పనులు, ఒక్కోటి ఒక గిగాబైట్ అడిగితే 16 జీబీ ర్యామ్ అక్కడికక్కడే సరి. మౌసు, కీబోర్డు మూడు నిమిషాలు ఊరుకున్నాకే మొదలుపెట్టమని, బ్యాటరీ మీద ఉంటే వద్దని చెప్పే వీలూ ఉంది, వాడుకోవాలి.

రాత్రంతా నిండా నడిపించడం యంత్రానికి నిజమైన పరీక్ష. 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో ఒక లోపం బయటపడింది ఇలాంటి లెక్కల వల్లే. జింప్స్ వాళ్ల ప్రైమ్95 ప్రోగ్రాం నడుస్తుండగా కంప్యూటర్లు బిగుసుకుపోయాయి. ఇంటెల్ ఒప్పుకుని బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది.

‘ఖాళీగా ఉన్న కోర్లు’ అన్న మాట దగ్గరే అసలు తిరకాసు. ఖాళీగా ఉన్న కోర్ నిద్రపోతుంది, కరెంటు దాదాపు తాగదు. దాన్ని లేపితే తాగుతుంది. ఒక డెస్క్‌టాప్ రోజంతా నిండా నడిచినప్పుడు వంద వాట్లు అదనంగా పడుతుందనుకుంటే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. యూనిట్ పది రూపాయలనుకున్నా 720 రూపాయలు. ఒక ఫ్లోర్‌లో యాభై కంప్యూటర్లయితే 36,000. ఆ వంద వాట్లూ చివరికి వేడిగానే మారతాయి. మే నెల హైదరాబాదులో ఆ వేడిని బయటికి తోడే ఏసీ బిల్లు దీనికి అదనం. చాలా ఆఫీసుల్లో రాత్రి ఏసీ ఆపేస్తారు, అంటే దానకర్ణుడి లెక్కలు మొదలయ్యే వేళకు సరిగ్గా గదిలో చల్లదనం ఉండదు.

అందుకని అనుమతి అడిగే ఈమెయిల్‌లో ఈ 720 రూపాయల సంగతి దాచకుండా రాయడం మేలు: ఏ ప్రాజెక్టు, ఎన్ని కోర్లు, ఏ వేళల్లో, నెలకు ఎంత కరెంటు. నాలుగు వాక్యాలు చాలు. విద్యాసంస్థలకైతే ఇది అడగకుండానే ఇవ్వదగ్గ అనుమతి. మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులు సాయంత్రం అయిదింటికి తాళం పడ్డాక పొద్దున దాకా చేసేదేముంది? కంపెనీలు మాత్రం చాలావరకు కుదరదనే చెబుతాయి. అలా చెప్పే హక్కు వాటికుంది. అప్పుడు మిగిలేది ఇంట్లో మంచం పక్కన దుమ్ముపట్టిన నాలుగు కోర్ల పాత డెస్క్‌టాప్. బాయింక్‌కు అదీ చాలు. అది చేతిచమురు భాగవతమే, మీటరు తిరిగేది సొంత గోడ మీదే. పక్క సీటువాడు లేడు గనక, అక్కడ నాలుగు కోర్లూ నింపుకోవచ్చు.