ఆరు బంతుల సెలెక్షన్

పోయిన డిసెంబర్‌లో మా బ్యాచ్ వాళ్ళం హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఒక మాల్‌లో బౌలింగ్ ఆడటానికి పోయినాం. క్రికెట్ బౌలింగ్ కాదు. నున్నటి లేన్ మీద బరువైన బంతి దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులు పడగొట్టే ఆట. నేను ఆడటం అదే మొదలు. మొదటి రెండు బంతులూ పక్క కాలువలో పడ్డాయి. పదో నంబర్ బంతి బరువుందని ఎనిమిది తీసుకున్నా. అది మరీ తేలికని పన్నెండు పట్టుకున్నా. నాలుగు బంతులు మార్చినా ఆట ముగిసేసరికి స్కోరు నలభై దాటలేదు. మావాళ్ళ నవ్వులు సరేసరి.

చూసి చూసి అక్కడ పనిచేసే అబ్బాయి వచ్చి ఒక మాట అన్నాడు. "అన్నా, ఊకె బాల్ మారిస్తే ఏమైతది? నువ్వు నిలబడే జాగ మార్చు. లేన్ మీద ఆయిల్ ఉంటది, చూస్కో."

లేన్ మీద నూనె ఉంటుందన్న సంగతే నాకు తెలియదు. ఆ రాత్రి రూముకొచ్చి దాని గురించే చదివాను. బంతి వదిలే గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. అందులో సుమారు మొదటి 40 అడుగుల దాకా పలచగా నూనె పూస్తారు. మామూలు సెంటర్లలో నడిమధ్య ఎక్కువ, అంచుల్లో తక్కువ ఉంటుంది. నూనె ఉన్నచోట బంతి జారుతుంది, పొడిగా ఉన్నచోట పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. ఆట సాగేకొద్దీ బంతులు ఆ నూనెను పీల్చుకుంటాయి, కొంత ముందుకు ఈడ్చుకుపోతాయి. అందుకే మొదటి గేములో చక్కగా తగిలిన బంతి మూడో గేములో ముందే తిరిగిపోతుంది. బంతీ అదే, చెయ్యీ అదే. మారింది లేన్.

బాగా ఆడేవాళ్ళు అప్పుడేం చేస్తారంటే, చాలావరకు ముందు నిలబడే చోటు కాస్త జరుపుతారు. తర్వాత వేగం మారుస్తారు. అప్పటికీ కుదరకపోతేనే బంతి మారుస్తారు. నేరుగా పోవాలంటే ప్లాస్టిక్ బంతి, నూనె ఎక్కువుంటే పట్టు దొరికే రియాక్టివ్ రెజిన్ బంతి. పైతొక్కను గరుకు చేస్తే ముందే పట్టుకుంటుంది, పాలిష్ చేస్తే ఎక్కువ దూరం జారుతుంది. పోటీ మొదలయ్యాక మాత్రం బంతిని రుద్దడానికి లేదు. అందుకే పోటీకి ముందు ఆటగాళ్ళకు ఆ లేన్ల మీదే కొన్ని నిమిషాలు ప్రాక్టీసు ఇస్తారు. లేన్ చదువుకోవడానికన్నమాట.

చదువుతుంటే ఇదేదో తెలిసిన విషయంలాగే అనిపించింది. పత్తికొండలో మేం చిన్నప్పటి నుంచీ చేసింది ఇదే కదా!

మా వైపు నల్లరేగడీ ఉంది, ఎర్రనేలా ఉంది. పంట కోసేసిన చేనే మా గ్రౌండు. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలిస్తుంది. బంతి నెర్రె అంచున పడిందంటే ఎటు తిరుగుతుందో వేసినోడికీ తెలియదు. ఎర్రనేల గట్టిపడితే టెన్నిస్ బాల్ తల మీదికి లేస్తుంది. జూన్‌లో తొలకరి పడి, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతికే రోజుల్లో మా పిచ్ బురద. అప్పుడు బంతి పైనుండే నూగు నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది, పడ్డచోటే చతికిలబడుతుంది.

కాబట్టి ముందు నేల, తర్వాత బంతి. గట్టి నేల మీద, గాలి ఎక్కువున్న సాయంత్రాల్లో తేలిక బంతి పనికిరాదు, హార్డ్ టెన్నిస్ బంతే. తడి ఆరని నేల మీద నూగు ఊడిపోయిన బోడి బంతి, ఎందుకంటే అది నీళ్ళు తక్కువ పీలుస్తుంది, కాస్త జారి వస్తుంది. కార్క్ బాల్ తీశామంటే ప్యాడ్లు లేని కాళ్ళకు దేవుడే దిక్కు. మా జేజి పిడికెడు మన్ను పిసికి చూసి పదును చెప్పేవాడు, విత్తొచ్చో లేదో. మేమూ అట్లే పిచ్ మీద మడమతో తొక్కి చూసి, ఈరోజు షార్ట్ వెయ్యాలా ఫుల్ వెయ్యాలా అని తేల్చుకునేవాళ్ళం.

ఇప్పుడు అసలు సంగతికొస్తా.

ఈ సెమిస్టర్ మొదట్లో కాలేజీ టీమ్ సెలెక్షన్ జరిగింది. మా ఊరి వైపు నుంచి వచ్చిన ఒక జూనియర్ దానికి పేరిచ్చాడు. టెన్నిస్ బంతితో యార్కర్ మీద యార్కర్ వెయ్యగలడు, నేను కళ్ళారా చూశాను. వాడి చేతికి లెదర్ బాల్ ఇచ్చి ఒక ఓవర్ వెయ్యమన్నారు. అంతకుముందు వాడు లెదర్ బాల్ పట్టుకున్నదే లేదు. రెండు ఫుల్‌టాస్‌లు, రెండు వైడ్లు. ఐదోది బాగా పడింది, ఆరోది ఇంకా బాగా పడింది. "నెక్స్ట్" అన్నారు. అంతే.

ఆ ఆరు బంతుల్లో ఏం తేలింది? లెక్క చూడండి. టెన్నిస్ బంతి బరువు 56 నుంచి 59.4 గ్రాములు. క్రికెట్ బంతి 155.9 నుంచి 163 గ్రాములు. అంటే దాదాపు మూడు రెట్లు. దానికి సీమ్ ఉంటుంది, వేళ్ళు దాని మీద ఎట్లా పెట్టాలన్నది వేరే విద్య. చేతినుంచి వదిలే క్షణం మారిపోతుంది. ఐదో బంతికల్లా వాడు దాన్ని పట్టుకున్నాడు చూడండి, నా దృష్టిలో అసలు సెలెక్ట్ చెయ్యాల్సింది దాన్నే. నాలుగు బంతుల్లో సర్దుకున్నవాడు నాలుగు వారాల్లో ఎంత సర్దుకుంటాడు?

"మ్యాచ్ లెదర్ బాల్‌తోనే కదా, వెయ్యలేనివాణ్ణి ఎట్లా తీసుకుంటాం?" అని టీమ్‌లో ఉన్న నా ఫ్రెండే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంటర్ కాలేజీ మ్యాచ్‌లో ఆరు బంతుల్లో నాలుగు చెత్తగా వేస్తే టీమ్ ఓడిపోతుంది. టెన్నిస్ బంతితో ఆడిన ప్రతివాడూ మంచి బౌలరేనని నేనూ అనను. కొందరికి లెదర్ బాల్ ఎన్నటికీ అలవాటు కాకపోవచ్చు. కానీ ఆ సంగతి ఒక్క ఓవర్‌లో తేలదు. అకాడమీలో నాలుగేళ్ళు ఆడి వచ్చినవాడికి అదే ఓవర్ ఎనిమిదొందలో ఓవర్. మావాడికి జీవితంలో మొదటిది. ఇద్దరికీ ఒకటే పరీక్ష పెట్టాం కాబట్టి న్యాయం చేశామనుకుంటున్నాం.

సిరాజ్ సంగతి తెలియనివాళ్ళు లేరు. హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్ కొడుకు, టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగినవాడు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి, శ్రీలంకను 50కే కూల్చడంలో ముందున్నాడు. సేలం జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన నటరాజన్‌దీ టెన్నిస్ బంతి దారే. వాళ్ళలో ఉన్నది చూసి ఎవరో కొంత టైమ్ ఇచ్చారు. మొదటి ఓవర్‌కే "నెక్స్ట్" అని ఉంటే?

పెద్దవాళ్ళ ఆటలోనూ పరిస్థితి మారితే ఆటగాడికి వెసులుబాటు ఇస్తున్నారు. రాత్రిపూట మంచుకు బంతి జారిపోతోందని 2025 ఐపీఎల్‌లో రెండో ఇన్నింగ్స్ పదో ఓవర్ తర్వాత బంతి మార్పించుకునే వీలు కల్పించారు. కోట్లు పలికే బౌలర్లకే తడి బంతితో ఇబ్బంది ఉందని ఒప్పుకున్నప్పుడు, మన ఫస్టియర్ పిల్లగాడికి కొత్త బంతితో ఇబ్బంది ఉంటుందని ఒప్పుకోడానికేం?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. సెలెక్షన్‌కు ముందు పది రోజులు, రోజుకో గంట నెట్స్ అందరికీ తెరవాలి. పాత లెదర్ బంతులైనా చాలు. పదో రోజున అదే ఆరు బంతుల పరీక్ష పెట్టండి. అప్పటికీ ఫుల్‌టాస్‌లే వేస్తే "నెక్స్ట్" అనండి, నేనే చప్పట్లు కొడతా.

ఆ మాల్‌లో నాకు ఆ అబ్బాయి మాట సాయం దొరికింది. రెండో గేములో రెండడుగులు ఎడమకు జరిగి ఆడితే స్కోరు 80 దాటింది. మా జూనియర్‌కు ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు ఆరోజు గ్రౌండులో లేరు. నేనూ బౌండరీ దగ్గర నిలబడి చూశానే గానీ, నోరు తెరిచి ఇంకో ఓవర్ ఇవ్వండని అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి అదీ ఒక కారణమే.

ఆరోజు సాయంత్రం మెస్‌లో వాణ్ణి అడిగితే, "బాల్ బలే బరువున్నాదన్నా. ఇంగో నాలుగు ఏసింటే దొరికేది" అన్నాడు. అందుకే హాస్టల్లో కొందరం డబ్బులేసుకుని రెండు లెదర్ బంతులు కొన్నాం. రోజూ సాయంత్రం ఐదున్నరకు హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో వేస్తున్నాం. లెదర్ బాల్ ఎప్పుడూ పట్టుకోనివాళ్ళు ముందు రండి.